పరీక్ష పొద్దున ఎదురు రాకూడని మొహం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఊరు మారితే మనిషి మాట మారుతుంది, తిండి మారుతుంది, ఒంటి మీది బట్ట కూడా మారుతుంది కానీ, నుదుటి రాత మాత్రం టికెట్టు కొనకుండానే మన పక్క సీట్లో కూర్చుని విమానంలో వచ్చేస్తుందని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ నమ్మకం పట్టుకుని పరాయి దేశంలో, పరాయి ఇంట్లో, పరాయివాళ్ళ మరుగుదొడ్డిలో ఎన్నో పొద్దుటిపూటలు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో మొదటినుంచీ చెబుతాను.

మాది కుందారపల్లి. పెద్దరోడ్డు పక్కన ఊరు, మేకలు మేపే ఇల్లు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి ఇదంతా నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు వంకర్లు సరిచేస్తున్నారు. (గొంతును మాత్రం ఎవరూ సరిచేయలేరు. మందు కొట్టే మిషను మోత మీద అరిచి అరిచి అది ఎప్పుడో బొంగురుపోయింది.) నన్ను కల్లావిలో ఇచ్చారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆయన జ్వరమొచ్చి పోయారు. నేనూ మా అత్తా హోసూరు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని గులాబీల షెడ్డులో పనికి కుదిరాము. ఊరంత ప్లాస్టిక్ కప్పు, దాని కింద వరసగా గులాబీలు. అత్తా నేనూ ఇద్దరమూ తాళి లేనివాళ్ళమే. అలాంటివాళ్ళు పొద్దున్నే వీధిలో ఎదురొస్తే పనికి పోయేవాళ్ళకు కలిసిరాదంటారు కదా, మేము తెల్లవారకముందే కంపెనీ వ్యానెక్కి పోయేవాళ్ళం. అందువల్ల మా వీధికి మా బెడద లేకపోయింది.

ఆ షెడ్డు యజమానికి హాలండులో ఒక పూల బడితో ఒప్పందం ఉండేది. వాళ్ళ పిల్లలు కొందరు ఇక్కడికి వచ్చి మన పని చూస్తారు, మనవాళ్ళు ఒకరు అక్కడికి పోయి వాళ్ళ పని నేర్చుకుంటారు. వ్యవసాయం చదివిన సూపర్‌వైజరమ్మాయి పోవాల్సింది, ఇంతలో ఆమెకు పెళ్ళి కుదిరింది, మగపెళ్ళివారు విమానమన్న మాటే ఎత్తనివ్వలేదు. యజమాని మమ్మల్నందరినీ వరసగా చూసి, అంటు కట్టడంలో నా చెయ్యి బాగుందని నన్ను పిలిచాడు.

“నువ్వు పోతావామ్మా? ఇంట్లో ఎవురైనా వద్దంటారా?”

“వద్దనేకి ఎవురుండారు సార్? అత్త ఒకతుండాది. ఆయమ్మకు నేను చెప్పుకుంటాను.”

తాళి తెగడం వల్ల ఆడదానికి ఒక మేలు కూడా ఉంటుందని ఆ రోజే మొదటిసారి తెలిసింది. అత్త వద్దనలేదు. అటుకులూ నిమ్మకాయ ఊరగాయా మూటకట్టి ఇచ్చి, ఒక్క మాట మాత్రం పదేపదే చెప్పింది.

“చూడుమే, వాళ్ళు నీకు అన్నం పెట్టేవాళ్ళు. పొద్దున్నే వాళ్ళు యాడికన్నా బయలుదేరేటప్పుడు నీ మొహం చూపించొద్దు. వాళ్ళకు తెలీదు పాపం. మనకు తెలుసు గదా.”

“సరే అత్తా.”

“సరే అని ఆడ పోయి మర్సిపోతావు నువ్వు.”

“మర్సిపోనత్తా.”

మరిచిపోలేదు. అదే వచ్చిన చిక్కు.

నన్ను ఉంచిన ఇంట్లో ఇద్దరే ఉండేవారు, ఇంటామె, ఆమె కూతురు. కూతురు ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు. నేను మనసులో పొడుగు పిల్ల అని పేరు పెట్టుకున్నాను, అది నన్ను ఆంటీ అనేది. ఇంటాయన ఇంకో ఊళ్ళో ఇంకొకామెతో ఉన్నాడట. ఆదివారాలు ఇంటామెను కన్నతల్లి సైకిలు మీద వచ్చేది. ఎర్రటి లిప్‌స్టిక్కు, మెడలో ముత్యాలు, పువ్వుల గౌను. తాతను ఎప్పుడూ చూడలేదు. ఇంత సింగారించుకుంది కాబట్టి తాత నిక్షేపంలా ఉన్నాడు, ఇంట్లో వంట చేస్తున్నాడు కాబోలు అనుకున్నాను. ఇక మాటలంటారా, ఇంటామె ఫోన్‌లో ఒక ఆడగొంతు ఉండేది. వాళ్ళ భాషలో చెబితే అది తెలుగులో చెప్పేది. ఆ తెలుగు మా తెలుగు కాదు, పెళ్ళిపత్రికల తెలుగు. నేను మా మాటల్లో చెబితే దానికి అర్థమయ్యేది కాదు, “దయచేసి మరొకసారి చెప్పండి” అనేది. అన్నేళ్ళ బతుకులో నాతో దయచేసి అన్నది ఆ ఫోన్ ఒక్కటే.

ఆ దేశంలో నేను మొదట నోరు తెరిచి చూసింది కిటికీలను. వీధి పక్కన పెద్ద పెద్ద అద్దాలు, పరదా ఉండదు. లోపల కూర్చున్నవాళ్ళు, తినేది, కునికేది అంతా కనిపిస్తుంది. అయినా దారినపోయేవాడు ఒక్కడూ లోపలికి చూడడు! మా వీధిలో పరదా వేసిన ఇంట్లోకే తొంగి చూస్తాం. కాఫీ ఇస్తారు, డబ్బా తెరిచి ఒక బిస్కెట్టు తీసుకోమంటారు, వెంటనే మూత టక్కున పడుతుంది. రెండో బిస్కెట్టు కోసం బయలుదేరిన నా చెయ్యి గాలిలోనే ఆగి, జుట్టు సర్దుకోవడానికి వచ్చినట్టు నటించాల్సి వచ్చింది. కన్నతల్లి కూతురింటికి రావాలన్నా ముందే రోజు అడిగి పెట్టుకుంటుంది. ఒకరి పుట్టినరోజయితే ఆ ఒకరికే కాదు, వాళ్ళ అమ్మకు, అత్తకు, పక్కన నిలబడినవాళ్ళకు కూడా చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెబుతారు. ఆ పుట్టినరోజులు రాసిన కేలండరు ఎక్కడ తగిలిస్తారో తెలుసా? మరుగుదొడ్డిలో, కూర్చుంటే కళ్ళకు ఎదురుగా! వేరే ఆమెతో ఉన్న ఇంటాయన పుట్టినరోజు కూడా అందులో ఉందని పొడుగు పిల్ల వేలు పెట్టి చూపించింది. కోపం కోపమే, పుట్టినరోజు పుట్టినరోజే. ఇవన్నీ రోజూ కొత్తగా ఉండేవి, రేపేం చూస్తానో అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. నా బోసి నుదురు చూసి అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది, ఆ ఊళ్ళో అందరి నుదుళ్ళూ బోసివే! అత్త చెప్పింది నిజం, వాళ్ళకు తెలియదు, నాకే తెలుసు. మొదట్లో దీనివల్ల ఇబ్బందేమీ రాలేదు. నేను మేడ మీదే ఉండి, ఇద్దరూ ఇల్లు వదిలాక కిందికి దిగేదాన్ని. కానీ కొన్ని వారాలకు పొడుగు పిల్లకు పరీక్షలు వచ్చాయి. మన ప్లస్ టూ లాంటి పెద్ద పరీక్ష, అది పాసైతేనే పెద్ద చదువు. పిల్ల తిండి మానేసింది, గోళ్ళు కొరుక్కుంది. మేడ మీద దాని గది, నా గది ఎదురెదురు. తెల్లారి తలుపు తీస్తే దానికి కనిపించే మొదటి మొహం నాదే. అందుకని పరీక్ష రోజుల్లో అందరికంటే ముందే లేచి, పిల్లిలా మెట్లు దిగి, వీధి తలుపు పక్కనే ఉన్న మరుగుదొడ్డిలో దూరి గడియ పెట్టుకునేదాన్ని. కాసేపటికి పిల్ల కిందికి దిగిన చప్పుడు, తర్వాత బయట ఒక గంట గణగణ, ఏవో మాటలు, ముద్దుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. గంట పాలవాడిది అనుకున్నాను. పాలవాడికి ముద్దులేమిటో అని ఆశ్చర్యపోయాను కానీ, అది కూడా అక్కడి ఆచారమే కాబోలని సర్దిచెప్పుకున్నాను. అంతా సద్దుమణిగాక బయటికి వచ్చేదాన్ని. ఆ కేలండరులో ఉన్నవాళ్ళందరి పుట్టినరోజులూ నాకు చదవకుండానే నోటికొచ్చేశాయి.

రెండో పరీక్ష రోజున బయటికి వచ్చేసరికి ఇంటామె ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

“మీ ఉదరంలో అసౌకర్యము కలదా?” అంది ఫోన్.

“ఏం లేదుమా, బాగుండాను.”

“దయచేసి మరొకసారి చెప్పండి.”

“బాగుండానంటే బాగుండాను!”

ఫోన్ ఏం చెప్పిందో తెలియదు, ఇంటామె జాలిగా నా భుజం తట్టింది. ఆ రోజునుంచి నాకు రాత్రి భోజనంలో గుండ్రటి ఎండు రొట్టెబిళ్ళలూ చక్కెర లేని టీ, అంతే. వాళ్ళు కూరలు తింటుంటే నేను బిళ్ళలు కొరుకుతూ, పిల్ల బాగు కోసమే కదా అని ఓర్చుకున్నాను. అత్త మూటకట్టిన ఊరగాయ లేకపోతే ఆ పరీక్షల్లో ముందు పోయేది నేనే.

లెక్కల పరీక్ష అంటే పొడుగు పిల్లకు వణుకు. ఆ పొద్దున నేను ఎప్పట్లాగే లోపల కూర్చున్నాను. తలుపు టకటకమంది.

“ఆంటీ?”

ఊపిరి బిగబట్టాను.

“ఆంటీ! ప్లీజ్! ఎగ్జామ్! లేట్!”

ఇంటి మొత్తానికి మరుగుదొడ్డి అదొక్కటే. భయంతో ఆ పిల్లకు కడుపు కదిలినట్టుంది, తలుపు అవతల ఒంటికాలి మీద గెంతుతోంది. తీస్తే నా మొహం చూస్తుంది, తీయకపోతే పరీక్షకే పోలేకపోతుంది. ఏం చేయను? చేతులు తుడుచుకునే టవలు తల మీదినుంచి గడ్డం దాకా కప్పుకుని, గోడ వైపు తిరిగి, పీతలా పక్కకు నడుస్తూ బయటికి వచ్చాను. వచ్చినదాన్ని వచ్చినట్టే పోయేదాన్ని, కానీ ఆ టవలు గుడ్డముక్కంత. తలుపు పిడికి చిక్కుకుని జారిపోయింది. నా మొహమూ ఆ పిల్ల మొహమూ జానెడు దూరంలో ఎదురెదురు! అది “గుడ్ మార్నింగ్ ఆంటీ!” అంటూ లోపలికి దూరింది. నేను గోడకు అతుక్కుపోయాను. శకునం అక్కడితో ఆగినా బాగుండేది. అది బయటికి వచ్చి, నన్ను గట్టిగా కావలించుకుని మరీ పరీక్షకు బయలుదేరింది. నేను మళ్ళీ లోపల దూరి గడియ పెట్టుకునేసరికి బయట ఆ గంట ఎప్పట్లాగే గణగణమంది.

ఆ తర్వాత ఫలితాలు వచ్చేదాకా నేను పడ్డ బాధ ఆ పిల్ల కూడా పడలేదు. ఇంటి దేవుడికి కోడిని మొక్కుకున్నాను, హాలండులో కోడి ఖరీదు కాబట్టి ఊరికొచ్చాక ఇస్తానని గడువు కూడా అడిగాను. బడిలో కట్టిన అంటునే విప్పి మళ్ళీ కట్టేదాన్ని. పిల్ల తప్పితే అది లెక్కల్లోనే తప్పుతుంది, లెక్కల్లో తప్పితే అది నా మొహం వల్లే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. నాకు అన్నం పెట్టినవాళ్ళకు నేను పెట్టింది ఇదా?

ఫలితాల రోజు మధ్యాహ్నం బడినుంచి వస్తూ వీధి మలుపు తిరిగాను. ఇంటి గోడకు ఏటవాలుగా ఒక కర్ర, కర్రకు వాళ్ళ దేశం జెండా, జెండా కొసన, కాళ్ళు కట్టి వేలాడదీసిన కోడిలా, పొడుగు పిల్ల పుస్తకాల సంచి! నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మా తమ్ముడు పదో తరగతి తప్పిన రోజు మా నాయన చేసింది కూడా ఇదే. వాడి సంచి తీసుకుపోయి మేకల కొట్టం దూలానికి తగిలించి, “ఇంగ ఇది ఈడ్నే యాలాడనీ. నువ్వు మేకలెంబడి పోరా” అని చేతికి కర్ర ఇచ్చాడు. అయినా మా నాయన కొట్టంలోనే తగిలించాడు, వీళ్ళు వీధికంతా కనబడేలా జెండా కట్టి మరీ తగిలించారే! ఎంత కడుపు మండిపోయిందో పాపం అనుకుంటూ తలుపు కొట్టాను. ఇంటామె తీసింది. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. ఇంకేముంది, గడపలోనే ఆమె కాళ్ళ మీద పడ్డాను.

“నన్ను చెప్పుతో కొట్టుమా! నీ బిడ్డకు ఎదురొచ్చినాను! లెక్కల పొద్దు టవలు జారిపొయ్యిందిమా! నా పాడుమొగం సూసి పొయ్యిందిమా బంగారంలాంటి బిడ్డ!”

ఇన్ని రోజుల కడుపు జబ్బు ఇవాళ ముదిరిపోయిందనుకుంది ఆమె. లోపలికి చూసి కేక పెట్టింది. ఆమె తల్లి, ఆ ముత్యాల ముసలామె, నీళ్ళూ ఆ రొట్టెబిళ్ళలూ పట్టుకుని పరుగెత్తుకు వచ్చింది. ఫోన్ వచ్చింది.

“దయచేసి నెమ్మదిగా మాట్లాడండి” అంది ఫోన్.

ఏడుపు నెమ్మదిగా ఎలా ఏడుస్తారు? ఇంతలో పొడుగు పిల్ల మేడ మెట్లు రెండేసి దూకుతూ దిగింది, మొహమంతా నవ్వే. “ఆంటీ, పాస్! పాస్!” అని నన్ను లేపి, బయటికి లాక్కుపోయి సంచి చూపించింది. ఫోన్‌తో కూడా చెప్పించింది. ఆ దేశంలో పిల్ల పాసైతేనే సంచి జెండాకు కడతారట! ఇంటామె ఏడ్చింది సంతోషంతోనట. లెక్కల్లో బొటాబొటిగా అయినా పాసేనట. నేను సంచినీ దాన్నీ మార్చి మార్చి చూశాను. ఆనందం ముందొచ్చిందో సిగ్గు ముందొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

లోపల కూర్చోబెట్టి, ఎందుకు ఏడ్చావని అడిగారు. ఇక దాచి లాభం లేదు. ఫోన్‌కు అర్థం కావాలి కదా, పెళ్ళిపత్రికల తెలుగు గుర్తు తెచ్చుకుని ఒక్కొక్క ముక్కే పలికాను. “నా భర్త చనిపోయెను. అందువలన నా ముఖము ఉదయమున చూడరాదు. అందువలన నేను మరుగుదొడ్డిలో ఉంటిని.”

ఫోన్ చెప్పింది. ఇంటామె చేతిలోని ఎండు రొట్టెబిళ్ళను చూసి, నన్ను చూసి, దాన్ని మెల్లగా పక్కన పెట్టింది. ముసలామె ఫోన్ అందుకుని ఏదో అంది.

“నా భర్త కూడా చనిపోయెను. ఈ బాలిక జన్మించక పూర్వమే” అంది ఫోన్.

నేను ఆ లిప్‌స్టిక్కు వైపు చూశాను. ముత్యాల వైపు చూశాను. పొడుగు పిల్ల మధ్యలో అందుకుని, చేతులతో సైకిలు తొక్కి చూపిస్తూ చెప్పింది. పరీక్షలున్న ప్రతి పొద్దునా అవ్వ సైకిలు మీద వచ్చి, గంట కొట్టి, దాని నోట్లో ఒక నల్ల చప్పరింపు బిళ్ళ పెట్టి, ఈ బుగ్గన ఆ బుగ్గన మూడు ముద్దులు పెట్టి పంపేదట. గంట! పాలవాడి గంట! నేను ఒక మొహం కనబడకూడదని లోపల గడియ పెట్టుకుంటే, గడియకు అవతల అలాంటి ఇంకో మొహం కోరి వచ్చి ముద్దులు పెట్టి పోయింది, ఒక్క రోజు కూడా తప్పకుండా. మా ఇద్దరి దోషాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయేమో అని కూడా ఒక క్షణం ఆలోచించాను. (నమ్మకం అంత తొందరగా చావదు.) కానీ లెక్కల రోజు తప్ప మిగతా రోజుల్లో ఎదురొచ్చింది అవ్వ ఒక్కతే కదా, అయినా అన్నిట్లోనూ పాసయింది కదా, ఆ లెక్క నాకే కుదరలేదు. ముసలామె కళ్ళు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకుంటూ మళ్ళీ ఫోన్‌లో చెప్పింది.

“అట్లయిన నేను కూడా మీతోపాటు మరుగుదొడ్డిలో కూర్చొని ఉండవలసినది. కానీ స్థలము చాలదు.”

ముందు నేను నవ్వాను. తర్వాత ఇల్లంతా నవ్వింది. సాయంత్రం చుట్టాలు వచ్చి కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళందరూ పొడుగు పిల్లకు, వాళ్ళ అమ్మకు, అవ్వకు, ఆ వరసలోనే నాకూ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పారు. ఊళ్ళో పెళ్ళికి పోతే వంటల దగ్గర నిలబడే మనిషిని నేను. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ చేతిని చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాను.

మరుసటి వారం పూల బడిలో నా పరీక్ష వచ్చింది, అంటు కట్టి చూపించాలి. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే బయట గంట గణగణమంది. తలుపు తీస్తే వానలో తడుస్తూ అవ్వ. పిలవకుండా, రోజు అడగకుండా వచ్చింది, ఆ దేశంలో అది ఎంత పెద్ద విషయమో నాకు అప్పటికే తెలుసు. నా నోట్లో నల్ల బిళ్ళ పెట్టి, మూడు ముద్దులు పెట్టింది. ఆ బిళ్ళ ఉప్పేసి ఉడికించిన తారు ముక్కలా ఉంది. ఉమ్మడానికి మనసు రాలేదు. నోట్లో దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూనే అంటు కట్టి పాసయ్యాను.

ఊరికి వచ్చి ఇదంతా చెబితే అత్త తేలిగ్గా తీసేసింది. “తెల్లోళ్ళకు మన శకునాలు పట్టవులేమే. సలి దేశం గదా.” నేను వాదించలేదు, మొక్కుకున్న కోడిని మాత్రం ఇచ్చేశాను. ఆ ఏడాదే మా అక్క కూతురికి ప్లస్ టూ పరీక్షలు. లెక్కల రోజు నేను కుందారపల్లిలోనే ఉన్నాను. పిల్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. నేను ఇంట్లో ఉండిపోవచ్చు. అయినా నడిచి పోయి దాని ముందు నిలబడి, “బాగ రాయి తల్లీ” అన్నాను. అది తల ఊపి బస్సెక్కింది. ఫలితాలొచ్చాయి. లెక్కల్లో తప్పింది.

ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? మా అక్క ఆగుతుందా? మా నాయన ఇంటి వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినబడేలా అందుకుంది.

“తాళి తెగినదానివి, పరీచ్చకు పొయ్యే బిడ్డకు ఎదురొస్తావా మే? ఇప్పుడు నీ కండ్లు సల్లగుండాయా?”

ఇరుగుపొరుగు గుమికూడారు. అలవాటు ప్రకారం తల దించుకుని లోపలికి పోబోయాను. పోతూ పోతూ ఉండగా, నాకంటే ముందు నా బొంగురు గొంతు వెనక్కి తిరిగింది.

“నేను ఎదురొచ్చింది ఒక దినమే కదక్కా. నీ కూతురు ఏడాదంతా ఆ లెక్కల పుస్తకానికి ఎదురుపోయిందా? సెల్లు తెరిసింది గానీ, పుస్తకం తెరిసినట్ల నువ్వు సూసినావా? సూసింటే చెప్పు. నీ కాలుకు మొక్కుతాను.”

అక్క కొరకొరా కూతురి వైపు తిరిగింది. గోడవారన ఎవరో కిసుక్కున నవ్వారు. మేనకోడలు తల గోక్కుంటూ లోపలికి జారుకుంది. వీధిలో అంత గట్టిగా మాట్లాడిన ఆడది ఎవరబ్బా అని అందరూ చూస్తుంటే, వాళ్ళతోపాటు నేను కూడా చుట్టూ చూశాను. పాపం, అప్పటిదాకా నేను కూడా ఆమెను ఎప్పుడూ చూసి ఉండలేదు.